మూడేళ్ల ఎస్సిటాలోప్రామ్, మధ్యలో మాత్ర లేని ఒక సంక్రాంతి

డిప్రెషన్‌కి వేసుకునే ఈ ఎస్సిటాలోప్రామ్ మాత్ర గురించి ఎవరడిగినా మొదటి ఏడాది ఒకటే చెప్పేదాన్ని, నాకు ప్రాణం పోసింది అని. ఆ మాట ఇప్పుడూ వెనక్కి తీసుకోను. కానీ 2023 సంక్రాంతి తర్వాత దాని పక్కన ఇంకో మాట కూడా చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మొదలుపెట్టేటప్పుడు ఏమవుతుందో అందరూ చెప్పారు. ఆపితే ఏమవుతుందో ఒక్కరూ చెప్పలేదు, మందు రాసిన డాక్టరు కూడా. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

డిప్రెషన్ అంటే ఏమిటో ఇక్కడ రాయను. నాకు అది రెండోసారి రావడం. 2022 మార్చిలో హైదరాబాద్‌లో మొదలుపెట్టాను, వారం రోజులు 5 మిల్లీగ్రాములు, ఆ తర్వాత 10. మొదటి పది రోజులు చాలా కష్టంగా గడిచాయి. పొద్దున్నే కడుపులో తిప్పడం, కాఫీ వాసన పడకపోవడం, ఆగకుండా ఆవలింతలు, తగ్గుతుందనుకున్న టెన్షన్ ఇంకాస్త పెరగడం. నిద్ర కోసం చిన్న మోతాదులో క్లోనాజెపామ్ ఇచ్చి రెండు వారాలకే ఆపేశారు. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఆ నిద్రమాత్రలకి అలవాటు పడిపోతావే" అనేది. నేను రోజూ వేసుకునే ఎస్సిటాలోప్రామ్ నిద్రమాత్ర కాదని ఎన్నిసార్లు చెప్పానో.

అయిదో వారం అనుకుంటా, ఒక ఆదివారం గోంగూర కట్టలు ముందేసుకుని ఆకు తుంచుతూ కూర్చున్నాను. అంతకుముందు నెలల్లో ఒక కట్ట విప్పి రెండు కాడలు తుంచి గోడకేసి చూస్తూ ఉండిపోయేదాన్ని, సాయంత్రానికి ఆకు వాడిపోయేది, మా ఆయన ఏమీ అనకుండా తీసి ఫ్రిజ్‌లో పెట్టేవాడు. ఆ రోజు మాత్రం చెయ్యి ఇంకో కట్ట కోసం వెతికితే అక్కడ లేదు. మూడు కట్టలూ అయిపోయాయి, పళ్లెం నిండింది, వేళ్లకి పులుపు అంటుకుంది. సంతోషం కూడా కాదది. పని చేస్తున్నానన్న బరువు లేకుండా పని అయిపోవడం, అంతే. ఏడాదిన్నర తర్వాత మొదటిసారి. అందుకే ప్రాణం పోసింది అనేదాన్ని.

ఇక సంక్రాంతి. నరసరావుపేట దగ్గర మా ఊరికి బయల్దేరేటప్పుడు స్ట్రిప్‌లో రెండే మాత్రలున్నాయి, చూసుకోలేదు. జనవరి 11 రాత్రితో అయిపోయాయి. డాక్టరు చీటీ హైదరాబాద్‌లో ఉంది. చీటీ ఉన్నా అడిగేదాన్ని కాదేమో, మందుల షాపాయనకి నాన్న రోజూ కనపడతాడు, "మీ అమ్మాయికి ఏమైందండీ" అని అడుగుతాడు, ఆ ఒక్క ప్రశ్న తలుచుకునే ఆగిపోయాను. షుగర్ మాత్రలయితే పరిగెత్తి తెచ్చుకునేదాన్ని కదా. పైగా ఎనిమిది, తొమ్మిది నెలలుగా బాగానే ఉన్నాను, ఇంక ఎందుకులే అని కూడా అనిపించింది.

రెండు రోజులు ఏమీ తెలియలేదు. 13 సాయంత్రం వాకిట్లో చుక్కలు పెడుతూ పిలుపు వినిపించి పక్కకు చూస్తే, తల లోపల చిన్న కరెంటు షాక్ కొట్టినట్టు జిల్లుమంది. నొప్పి లేదు. కళ్లు ముందు తిరిగి, చూపు అర క్షణం తర్వాత వచ్చి చేరినట్టు ఉంది. మళ్లీ చూశాను, మళ్లీ జిల్లు. భోగి నాడు తెల్లవారుజామున మంట దగ్గర నిలబడితే ఊరికే కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి, పొగ అని చెప్పాను. భోగిపళ్లు పోయించుకుంటూ కుదురుగా కూర్చోలేదని తమ్ముడి కొడుకుని, నాలుగేళ్ల పిల్లాణ్ని, అందరి ముందూ గట్టిగా అరిచాను, వాడు బిక్కమొహం వేసుకుని వాళ్లమ్మ వెనక దాక్కున్నాడు. రాత్రుళ్లు భయంకరమైన కలలు, చెమటలు. అమ్మ దిష్టి తీసింది, బీపీ పడిపోయి ఉంటుందని ఉప్పు వేసి మజ్జిగ ఇచ్చింది. నేను మాత్రం లోపల ఒకటే అనుకున్నాను, అది మళ్లీ వచ్చేసింది, ఇక నా బతుకింతే అని. ఆ ఆలోచనే అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

వెంటనే వెళ్లిపోదామంటే కనుమ నాడు ప్రయాణం చేయకూడదని ఇంట్లో కదలనివ్వలేదు. 17న బస్సు దిగగానే మా ఆయన నన్ను, ఒక స్నేహితురాలు చెప్పిన ఇంకో సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ డాక్టరమ్మ వినగానే "మాత్ర ఎన్ని రోజులైంది ఆపి?" అన్నారు. అయిదు రాత్రులు అన్నాను. చీటీ వెనక గీత గీసి చూపించారు. ఈ మందు రక్తంలో దాదాపు 30 గంటలకి సగమవుతుంది, ఇంకో 30 గంటలకి అందులో సగం, నెలల తరబడి దానికి సర్దుకున్న మెదడుకి కొద్ది రోజుల్లోనే కాళ్ల కింద నేల లాగేసినట్టు అవుతుంది. జబ్బు తిరగబెడితే సాధారణంగా వారాలు పడుతుంది, మెల్లగా వస్తుంది, ఇలా మూడో రోజుకే షాకులతో రాదు. ఇదే రకం మందుల్లో ఫ్లూయోక్సెటిన్ లాంటివి ఒంట్లో ఎక్కువకాలం ఉంటాయి కాబట్టి ఈ బాధ తక్కువట. మత్తుమందుకి అలవాటు పడటం వేరు, ఇది వేరు అని కూడా చెప్పారు. ఆ రాత్రి మాత్ర వేసుకున్నాను, రెండు రోజుల్లో షాకులు పలచబడ్డాయి, నాలుగో రోజుకి లేవు.

ఆ గీత గీయడానికి ఆవిడకి రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ రెండు నిమిషాలు మొదట మందు రాసిన డాక్టరు నాకు ఇచ్చి ఉంటే ఆ పండగంతా నేను అంత భయంలో ఉండేదాన్ని కాదు.

మిగతావి కూడా చెప్పాలి కదా. బరువు కొంచెం పెరిగాను. మా ఇద్దరి మధ్య దగ్గరితనం బాగా తగ్గింది, అది మందు వల్ల కూడా అవుతుందని తెలిసినా డాక్టరుతో చెప్పడానికి ఏడాది పట్టింది, అడగడానికి ఇబ్బంది పడకండి, అది చాలామందికి ఉండేదే. ఇంకోటి, 2024లో అమ్మమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. నన్ను పెంచిన మనిషి. పాడె లేపుతుంటే అందరూ గొల్లుమన్నారు, నేను గాజు వెనక నిలబడి చూస్తున్నట్టు చూశాను. బాధని మొద్దుబార్చే మందు ఇంకా వేటిని మొద్దుబారుస్తోందో అని ఆ రోజే మొదటిసారి అనుకున్నాను. అయినా గోంగూర కట్టలు గుర్తొస్తాయి, ఆ రోజులకి మాత్రం వెనక్కి వెళ్లలేను.

కాబట్టి వేసుకోమనీ వద్దనీ నేను చెప్పలేను. నాకు రెండోసారి వచ్చింది కాబట్టి కనీసం రెండేళ్లు వాడమన్నారు, మొదటిసారి వచ్చినవాళ్లకి లెక్క వేరు. పక్కన కనిపెట్టి చూసుకునే మనిషి నాకున్నాడు, కౌన్సెలింగ్‌కి డబ్బు పెట్టుకోగలిగాం, ఇవి లేకుండా మాత్ర ఒక్కటే ఎంత చేసేదో తెలియదు. పాతికేళ్ల లోపు వాళ్లయితే మొదటి వారాల్లో చనిపోవాలనే ఆలోచనలు కొందరికి పెరుగుతాయి, ఇంట్లోవాళ్లు దగ్గరుండి చూసుకోవాలి. డాక్టరు దొరకని రాత్రి 14416కి ఫోన్ చేయొచ్చు, మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే టెలి మానస్ అది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ సంక్రాంతికి నాకు ఆ నంబరు తెలియదు.

ఆవిడ దగ్గరే ఇప్పుడు మెల్లగా తగ్గిస్తున్నాం. పోయిన నెల 10 నుంచి 5కి దిగాను, ఇక్కడే కొన్నాళ్లు ఆగుదామన్నారు. నిన్న రాత్రి మెట్లు దిగుతూ పక్కకి చూస్తే ఒక్కసారి జిల్లుమంది, చిన్నదే. తేదీ, టైము రాసిపెట్టుకున్నాను, గురువారం చూపించాలి.