కస్టమ్ కాంటెస్సా కొనబోతున్నారా? టోకెన్ ఇచ్చే ముందు ఇది చదవండి

పాత కాంటెస్సానో అంబాసిడర్‌నో పూర్తిగా విప్పేసి, వేరే ఇంజన్, లెదర్ సీట్లు, పవర్ స్టీరింగ్ పెట్టి లక్షల్లో అమ్మే వర్క్‌షాపులు ఈ మధ్య బాగా పెరిగాయి. అలాంటి బండి తీసుకోవాలని చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా బావగారు 26 లక్షలు పెట్టి ఒక కాంటెస్సా తీసుకున్నారు. ఇప్పుడది గుంటూరులో వాళ్ల షెడ్డులో కవరు కప్పుకుని కూర్చుంది. స్టార్ట్ అవుతుంది, బ్రహ్మాండంగా లాగుతుంది కూడా. రోడ్డెక్కించడానికే లేదు. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు, విషయం వినియోగదారుల కమిషన్‌లో ఉంది కాబట్టి. పక్క రాష్ట్రంలోని వర్క్‌షాపు అని మాత్రం చెప్తాను.

ముందుగా ఒకటి. పాత కార్ల మోజును నేను వెక్కిరించడం లేదు. కాంటెస్సా అంటే నాకూ ఇష్టమే. హిందుస్థాన్ మోటార్స్ 1984లో తెచ్చిన బండి అది, 2002 దాకా తయారైంది. ఇంగ్లండ్‌లోని వాక్స్‌హాల్ కంపెనీ పాత మోడల్ ఆధారంగా చేసిన బాడీ. మొదట్లో అంత పెద్ద బండికి అంబాసిడర్‌లో ఉండే 1489 సీసీ ఇంజనే పెట్టారు, పాపం ఏసీ వేస్తే లాగలేకపోయేది. తర్వాత జపాన్ కంపెనీ ఇసుజు 1817 సీసీ పెట్రోల్ ఇంజన్ వచ్చాక దాని దశ తిరిగింది. మా వైపు పొగాకు వ్యాపారులు, రైస్ మిల్లు ఓనర్లు ఆ బండి దిగుతుంటే చూసి పెరిగినవాళ్లం మేం. పొడవాటి బానెట్, సోఫా లాంటి వెనక సీటు, చెయ్యి బయటపెట్టి కూర్చునే దర్జా ఇప్పటి ఎస్‌యూవీల్లో ఎక్కడొస్తుంది? మా బావగారు ఆ దర్జాకే డబ్బు పెట్టారు. అందులో తప్పేమీ లేదు.

పైగా ప్రపంచమంతా ఇదే ఫ్యాషన్ నడుస్తోంది. కాలిఫోర్నియాలో సింగర్ అనే సంస్థ 1989-94 నాటి పోర్షే 911 బండ్లను విప్పి మళ్లీ కడుతుంది. ఒక్కోదానికి కోట్లు పెట్టి, ఏళ్ల తరబడి ఆగి మరీ తీసుకుంటారు జనం. ఆ వీడియోలు చూశాక మన ఇన్‌స్టాగ్రామ్‌లో మెరిసే కాంటెస్సా కూడా అదే కోవలోది అనిపిస్తుంది. మన దగ్గర చట్టం వేరు. ఆ సంగతి వీడియోలు తీసేవాళ్లు చెప్పరు.

బావగారికి అమ్మిన బండి 1990ల నాటిది. ఆర్‌సీలో 1817 సీసీ, నాలుగు సిలిండర్లు అని ఉంది. బానెట్ కింద ఉన్నది మాత్రం టొయోటా 1జేజెడ్. జపాన్ నుంచి హాఫ్ కట్‌లో, అంటే సగానికి కోసిన పాత బండితో పాటు వచ్చిన 2.5 లీటర్ల ఇంజన్, ఆరు సిలిండర్లు. వర్క్‌షాపువాళ్లు దీన్నే గొప్పగా చెప్పుకున్నారు. కాగితాల మాటెత్తితే "సార్, టెన్షన్ వద్దు, పేపర్లన్నీ క్లియర్" అని ఒకటే పాట. ఆర్‌సీ, పొల్యూషన్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, పేరు మార్పిడికి కావాల్సిన, సంతకాలు పెట్టిన ఫారాలు 28, 29, 30 అన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో నీటుగా సర్ది ఇచ్చారు.

ఆ రాష్ట్రం ఆర్‌టీఓ ఇచ్చే ఎన్‌ఓసీకి (నిరభ్యంతర పత్రానికి) పంపే ముందు ఇక్కడ ఏమేం కావాలో కనుక్కుందామని బండిని ఆర్‌టీఓ ఆఫీసుకు తీసుకెళ్లాం. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు పెద్దాయన, పాత బండ్లంటే ఇష్టం ఉన్నట్టే ఉంది. చుట్టూ తిరిగి చూసి, డోరు మూసి ఆ చప్పుడు విని నవ్వారు. బానెట్ తీయమన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆర్‌సీ మీద వేలు పెట్టి, "ఏవండీ, ఇందులో సిలిండర్లు నాలుగు, ఇక్కడ చూస్తే ఆరు. మిగతా రెండూ ఎవరివండీ?" అన్నారు. చుట్టూ ఉన్న ఏజెంట్లు పగలబడి నవ్వారు. బావగారి మొహం మాత్రం చూడలేకపోయాను.

ఆయన కోప్పడలేదు, విడమరిచి చెప్పారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చే మార్పు ఏదీ బండికి చేయకూడదు. పాత ఇంజన్ పాడైతే అదే రకం ఇంజన్ వేసుకోవచ్చు, దానికీ ముందే అనుమతి తీసుకోవాలి. కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని మార్పులు చేయించిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. కనిపించేది ఓనరే కాబట్టి రోడ్డు మీద ఆపినప్పుడు సమాధానం చెప్పుకోవాల్సింది వర్క్‌షాపు కాదు, మీరు.

అంతటితో అయిపోలేదు. బండి ఆర్‌సీ వర్క్‌షాపు పేరు మీద లేదు, ఎవరో పెద్దాయన పేరు మీద ఉంది. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో దీన్ని ఓపెన్ ట్రాన్స్‌ఫర్ అంటారు. పాత ఓనరుతో ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని, మధ్యలో ఎన్ని చేతులు మారినా చివరి కొనుగోలుదారు పేరు రాసుకోవచ్చని ఆ ఏర్పాటు. ఆ ఊళ్లో ఉన్న మా ఫ్రెండ్‌ని ఆర్‌సీలో ఉన్న అడ్రసుకు పంపాను. వాళ్లబ్బాయి తలుపు తీశాడు. "నాన్నగారు పోయి మూడేళ్లయిందండీ. కారు కదలకపోతే పాత ఇనుముకు ఇచ్చేశాం. నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు" అన్నాడట. ఆ మాట విన్నాక ఫోల్డర్ తీసి ఫారాలు మళ్లీ చూశాం. తేదీల గళ్లు ఖాళీగా ఉన్నాయి. ఆర్‌సీ బుక్కు అంచులు చిరిగి పసుపు రంగుకు తిరిగాయి కానీ, పక్కనే ఆ పెద్దాయన పేరుతో పెట్టిన సంతకం మాత్రం నీలం జెల్ పెన్నుతో నిగనిగలాడుతోంది.

ఓనరు చనిపోతే బండి ముందు వారసుల పేరు మీదకు మారాలి, దానికి ఫారం 31 వేరే ఉంది. మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల సంతకాలు కావాలి. ఆ తర్వాతే అమ్మకం. ఆ అబ్బాయి మంచివాడు కాబట్టి సహకరిస్తానన్నాడు, అందరికీ ఆ అదృష్టం ఉండదు. అయినా ఇంజన్ సంగతి తేలనిదే ఏ ఆఫీసూ ఆ ఫైలు ముట్టుకోదు. పైగా పదిహేనేళ్లు దాటిన బండి ఆర్‌సీని ప్రతి అయిదేళ్లకూ రెన్యూవల్ చేయించాలి, అప్పుడల్లా బండిని చూపించాలి. ఇక్కడ ఏదోలా గట్టెక్కినా అక్కడ మళ్లీ దొరికిపోతారు.

"వింటేజ్ కింద రిజిస్టర్ చేయిస్తాం సార్" అని కూడా వర్క్‌షాపువాళ్లు ఒక మాట అన్నారు. చాలామంది ఈ మాటకు పడిపోతున్నారు. 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బండ్లకే ఆ అవకాశం. నంబరులో వీఏ అని వస్తుంది, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల ఫీజు. బండి అసలు రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. అలా రిజిస్టర్ అయినా రోజువారీ తిరగడానికి లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించుకోవడం, రిపేర్లు లాంటి వాటికే బయటికి తీయాలి. మొట్టమొదటి కాంటెస్సాకు కూడా 50 ఏళ్లు నిండేది 2034లో. ఆరు సిలిండర్ల కాంటెస్సాకు ఆ రోజు ఎప్పటికీ రాదు.

ఇన్సూరెన్స్ కూడా ఇంతే. అయిదేళ్లు దాటిన బండి విలువను కంపెనీ, మనం మాట్లాడుకుని ఖాయం చేసుకోవాలి. వాళ్లు మామూలు కాంటెస్సా ధర చూస్తారు గానీ మీరు పెట్టిన 26 లక్షలు చూడరు. ఇంజన్ మార్చిన సంగతి చెప్పకుండా పాలసీ తీసుకుంటే, రేపు ఏదైనా జరిగినప్పుడు క్లెయిమ్ కొట్టేయడానికి వాళ్ల చేతికి కారణం మీరే ఇచ్చినట్టు.

ఇక బండి పనితనం. మొదటి వానాకాలం దాటగానే వెనక చక్రాల పైన పెయింట్ పొక్కులు లేచింది. విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన టింకరింగ్ మేస్త్రి దగ్గరికి ట్రెయిలర్ మీద తీసుకెళ్లాం. ఆయన స్క్రూడ్రైవర్ మొనతో పొక్కు దగ్గర గీరితే పుట్టీ పెచ్చులు పెచ్చులుగా ఊడింది, దాదాపు వేలు మందం. దాని కింద అసలు రేకు లేదు. తుప్పు పట్టిన అంచులకు సన్నటి జీఐ (జింకు పూత) రేకు రివెట్లు కొట్టి అతికించి, పుట్టీతో షేపు తెచ్చారు. "పెయింటు మాత్రం ఫస్ట్ క్లాస్ సార్" అన్నాడు మేస్త్రి, నవ్వకుండా. తర్వాత జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి బండి చుట్టూ పెట్టుకుంటూ వెళ్లాడు. డోర్ల కింది భాగంలో, డిక్కీ అంచుల్లో అది అతుక్కోకుండా జారి పడిపోయింది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. కొనడానికి వెళ్లేటప్పుడు ఒక అయస్కాంతం, పెయింటు గీసుకోకుండా చుట్టడానికి చిన్న గుడ్డ జేబులో వేసుకోండి. వద్దని అమ్మేవాడు అడ్డం పడితే మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.

ఇంజన్ పవర్ పెంచారు గానీ బ్రేకులు పాతవే ఉంచారు. ఇది నాకు అన్నిటికన్నా కోపం తెప్పించిన విషయం. బావగారి పిల్లలు కూర్చునే బండి అది. రేడియేటర్ కూడా చాలలేదు. వారధి మీద ట్రాఫిక్‌లో ఏసీ వేసి ఆగితే టెంపరేచర్ ముల్లు పైకి పాకడం మొదలు. మన ఎండల్లో తిరగాల్సిన బండికి కూలింగ్ ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. ముందు అద్దం పగిలితే, డోరు బీడింగ్ పోతే, టెయిల్ ల్యాంప్ పగిలితే షాపులో దొరకవు. హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014లోనే మూతపడింది. ఎక్కడో పడి ఉన్న ఇంకో కాంటెస్సా నుంచి పీకి తెచ్చుకోవాలి, వాళ్లు చెప్పిందే రేటు.

అయినా కొంటాం అంటారా, కొనండి. నేను వద్దనను. కానీ టోకెన్ ఇచ్చే ముందే ఆర్‌సీ ఫొటో తెప్పించుకుని ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, సీసీ, రంగు బండితో పోల్చి చూడండి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకోండి. చుట్టూ గ్రైండింగ్ గీతలో కొత్త వెల్డింగో కనిపిస్తే అక్కడితో మాట ఆపేయండి. ఆర్‌సీలో పేరున్న మనిషితో మీరే మాట్లాడండి, "మేం చూసుకుంటాం" అంటే కుదరదు. ఇంజన్ మార్చి ఉంటే అది ఆర్‌సీలో ఎక్కిందా అని అడగండి, "ఎక్కిస్తాం" అన్నది జవాబు కాదు. ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా సగం డబ్బు మీ దగ్గరే ఉండాలి. నిజాయితీగా పనిచేసేవాళ్లు ఉన్నారు, ఒరిజినల్ ఇంజనే రీబోర్ చేసి అందంగా తయారుచేస్తారు. వాళ్ల బండ్లు వీడియోల్లో అంత గర్జించవు, అంతే తేడా.

డబ్బు మాత్రం బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఒకే అమ్మకానికి రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. "సగం క్యాష్ ఇవ్వండి సార్, బిల్లు తక్కువ వేస్తాం" అన్నారంటే రేపు కేసు వేసినప్పుడు మీ చేతిలో సగం బిల్లే ఉంటుంది. బావగారు మొత్తం ఆన్‌లైన్‌లో పంపారు, మాకిప్పుడు అదే బలం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, వాళ్ల ఊరికి తిరగక్కర్లేదు. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపుంటే జిల్లా కమిషన్ సరిపోతుంది. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే దారి చెప్తారు.

ప్రస్తుతానికి మాకు మిగిలిన దారి, కేసు నడుస్తుండగానే బండిని ఆర్‌సీలో ఉన్నట్టు వెనక్కి తేవడం. పాత ఇసుజు ఇంజన్ ఏమైందని వర్క్‌షాపును అడిగితే స్క్రాప్‌కు వేశామన్నారు. ఎవరి దగ్గరైనా కాంటెస్సా 1817 సీసీ పెట్రోల్ ఇంజన్ కాగితాలతో సహా ఉంటే చెప్పండి. నడవకపోయినా పర్వాలేదు, బ్లాక్ మీద నంబరు స్పష్టంగా ఉంటే చాలు.