సముద్రం పక్కన తీరిగ్గా కారు నడపాలంటే: చీరాలా, ఈసీఆరా, భీమిలా?

నల్లగొండలో ‘సాగర్ పోదాం’ అంటే ఎవరికీ సముద్రం గుర్తురాదు, నాగార్జునసాగర్ డ్యామే గుర్తొస్తుంది. అందుకేనేమో, అసలు సముద్రమంటే మనోళ్లకు అంత ఉబలాటం. దసరా సెలవులు దగ్గరపడితే చాలు, మిర్యాలగూడ మా బావ నుంచి మా వీధి చివర టైర్ల షాపాయన దాకా అదే ప్రశ్న: సముద్రం పక్కనే మెల్లగా కారు నడుపుకుంటూ పోవాలి, ఎటు పోతే మేలు?

నేను చూసేది ఒక్కటే. స్టీరింగ్ పట్టుకున్నవాడికి సముద్రం ఎంతసేపు కనిపిస్తుంది? కారు దిగి చూసే సముద్రం ఎక్కడైనా దొరుకుతుంది.

దగ్గరైతే బాపట్ల, చీరాల వైపే. అద్దంకి రోడ్డెక్కి వాడపల్లి దగ్గర కృష్ణ దాటి పోతే 200 కిలోమీటర్ల పైచిలుకు. మ్యాప్‌లో 216 హైవే తీరాన్ని రాసుకుంటూ పోయినట్టే ఉంటుంది. ఆ గీతను నమ్మే నేను మోసపోయాను. బాపట్ల నుంచి చీరాల దాకా చేలు, జీడిమామిడి తోటలు, సరుగుడు తోపులు కనిపించాయి గానీ సముద్రం జాడే లేదు. వెనక సీట్లోంచి మా చిన్నోడు ‘నాన్నా, సముద్రం ఏది?’ అని పదిసార్లు అడిగుంటాడు. సూర్యలంక బీచ్ చూడాలంటే బాపట్ల నుంచి లోపలికి 9 కిలోమీటర్లు పోవాలి, మళ్లీ అదే దారిన వెనక్కి రావాలి. వేటపాలెంలో జీడిపప్పు, 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం, చీరాలలో చీరలు ఉన్నాయి కాబట్టి మా ఆవిడ ఓటు మాత్రం ఇప్పటికీ దీనికే.

చెన్నై నుంచి పుదుచ్చేరి పోయే ఈసీఆర్‌కు, అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డుకు, పేరెక్కువ. దారి 150 కిలోమీటర్లున్నా చాలాచోట్ల మనకూ సముద్రానికీ మధ్య రిసార్టుల ప్రహరీలే. పైగా మనకు చెన్నై చేరడానికే రోజంతా పడుతుంది. మహాబలిపురం గుడుల కోసమైతే తప్పకుండా పోండి.

కాకినాడ నుంచి ఉప్పాడ పోయే బీచ్ రోడ్డులో అలలు దాదాపు టైర్ల దాకా వస్తాయి. కానీ తుపాను వచ్చినప్పుడల్లా ఆ రోడ్డు కోతకు గురవుతుంది. కనుక్కుని పోవాలి.

ఇక విశాఖ నుంచి భీమిలి పోయే బీచ్ రోడ్డు. అది 30 కిలోమీటర్లు కూడా ఉండదేమో, కానీ ఎక్కువ దూరం సముద్రం మీతోపాటే వస్తుంది. మొదటిసారి ఇక్కడి నుంచి సొంత కారులోనే పోయాను. 500 కిలోమీటర్ల పైన నడిపి, నడుం పట్టేసి, మర్నాడంతా లాడ్జిలో పడుకున్నాను. ఇప్పుడు విశాఖ ఎక్స్‌ప్రెస్‌కు మన స్టేషన్‌లోనే ఎక్కుతాను, తెల్లారేసరికి అక్కడుంటాను. అక్కడే సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుంటాను. (తీసుకునే ముందు వైపర్లు ఆన్ చేసి చూసుకోండి. నాకిచ్చిన బండికి ఒకటే తిరిగింది.)

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. విశాఖ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి పోతారు. అలా పోతే సముద్రం కుడి పక్కన పడుతుంది, మధ్యలో ఎదురొచ్చే బండ్లు అడ్డం. ఎక్కడైనా ఆగాలనిపిస్తే రోడ్డు దాటాలి, పిల్లలుంటే అదో టెన్షన్. పొద్దున్నే హైవే మీద ఆనందపురం పోయి, అటునుంచి భీమిలిలో దిగండి. గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల సమాధులు చూసుకుని బీచ్ రోడ్డులో వెనక్కి రండి. ఇప్పుడు సముద్రం ఎడమ పక్కనే, మీ వరసకు ఆనుకునే ఉంటుంది. బుద్ధి పుట్టినచోట ఇండికేటర్ వేసి పక్కకు తీయడమే. ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ, రుషికొండ అన్నీ చూసుకుంటూ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి దగ్గరికి చేరేసరికి సాయంత్రమవుతుంది.

“30 కిలోమీటర్ల కోసం రాత్రంతా రైల్లో పోవాల్నా బామ్మర్దీ?” అని మా బావ నవ్వాడు. నవ్వినా పోయాడు. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడున్నారో కనుక్కుందామని ఫోన్ చేశాను. భీమిలి నుంచి ఐదారు కిలోమీటర్లు కూడా రాలేదట, ఇంకా ఎర్రమట్టి దిబ్బల దగ్గరే ఉన్నారు.