సుందర్ నర్సరీ, ఢిల్లీ: తోటను కాదు, తోట వెనుక ఆలోచనను చూడండి

ఢిల్లీలో హుమాయూన్ సమాధిని ఆనుకొని ఉన్న సుందర్ నర్సరీకి చాలామంది సెలవురోజు పిల్లలతో గడపడానికి వస్తారు. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులు (తోటలకూ ఆరుబయలు స్థలాలకూ రూపకల్పన చేసేవారు) నిజంగా చేసే పని ఏమిటో కళ్లారా చూడదలచినవారికి మాత్రం మన దేశంలో ఇంతకంటే మంచి చోటు నాకు తెలిసి లేదు. సుమారు 90 ఎకరాల ఈ స్థలం, ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో కొత్త రాజధాని వీధులకు ఏ చెట్లు పనికివస్తాయో పెంచి చూసేందుకు ఆంగ్లేయులు ఏర్పాటు చేసుకున్న నర్సరీ. 2007లో కుదిరిన ఒప్పందం మేరకు ఆగా ఖాన్ సాంస్కృతిక ట్రస్టు ప్రభుత్వ సంస్థలతో కలిసి ఇక్కడి మొఘలు కట్టడాలనూ తోటనూ పునరుద్ధరించింది. 2018 ఫిబ్రవరిలో అప్పటి ఉపరాష్ట్రపతి ఎం.వెంకయ్యనాయుడు దీనిని ప్రారంభించారు.

తోట రూపకర్త మహమ్మద్ షహీర్. హుమాయూన్ సమాధి ఉద్యానవన పునరుద్ధరణలోనూ పనిచేసిన ఆయన 2015లో కన్నుమూశారు. ఈ తోట జనంతో నిండడం చూడలేదు. ఇక్కడి మొఘలు కట్టడాల్లో ఒకటైన సుందర్ బుర్జ్ మీదుగా సాగే నడిమి బాటను ఆయన పారశీక తోటల సంప్రదాయంలో తీర్చారు. రాతి కాలువలు, కొలిచి గీసినట్టున్న పూలమడులు, రెండువైపులా సమానంగా విస్తరించిన పచ్చిక చూస్తుంటే చూపు తనంతట తానే ముందుకు సాగుతుంది. ఫొటోలలో ఎక్కువగా కనిపించేది ఈ భాగమే.

నా దృష్టిలో అసలు ప్రతిభ ఆ బాట దిగి పక్కకు వెళ్లినప్పుడు తెలుస్తుంది. నడుమ అంత కచ్చితంగా ఉన్న రేఖాగణితం అంచులకు వెళ్లేకొద్దీ సడలి, బాటలు పాత చెట్లను తప్పించుకుంటూ వంపులు తిరుగుతాయి. ఢిల్లీ పరిసరాల నేలను స్థానికులు కోహీ, బాంగర్, ఖాదర్, డాబర్ అని విభజిస్తారు: రాతిగుట్ట, వరద అందని మెట్ట, నదీతీరపు ఒండ్రు, నీరు నిలిచే పల్లం. ఈ నాలుగింటినీ ఇక్కడ ఆయా నేలలకు సహజమైన చెట్లూ పొదలతో తిరిగి కల్పించారు. పూలమొక్కను నాటి నీళ్లు పోయడం వేరు. నేల ఎత్తుపల్లాలనూ నీటి నడకనూ నిర్ణయించి, అక్కడ ఏది బతకాలో ముందే ఊహించి, అది అడవిలా ఎదిగే వరకు దశాబ్దాలపాటు ఓపిక పట్టడం వేరు. తోటలో మూడు వందలకు పైగా చెట్ల జాతులున్నాయి, నెమళ్లూ తిరుగుతుంటాయి. ఇదంతా మనుషులు కల్పించినదేనని గుర్తుచేసుకుంటే తప్ప తట్టదు.

ఒక్క లోపం చెప్పక తప్పదు. నడిమి బాటకు నీడ తక్కువ. దృశ్యం తెరచి ఉంచడానికి చెల్లించిన మూల్యమిది. అయినా మే నెల మధ్యాహ్నం అక్కడ నడవడం వృద్ధులకు కష్టమే. ఎండాకాలంలో వెళ్లేవారు ఉదయాన్నే వెళ్లి, బాటను ముందుగా చూసి, ఎండ ముదిరేసరికి చెట్లున్న అంచులకు చేరుకోవాలి.

ప్రవేశానికి టికెట్ ఉంది. 2024లో తెరిచిన హుమాయూన్ సమాధి మ్యూజియం ఈ తోటనూ సమాధినీ కలుపుతున్నందువల్ల మూడింటికీ కలిపి ఒక పూట కేటాయించుకోవడం మేలు. హైదరాబాద్ వాసులకు ఇంకొక సూచన: కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణనూ ఇదే ట్రస్టు చేపట్టింది. దీనిని చూసి వచ్చాక అక్కడికి వెళితే, కట్టడాల చుట్టూ ఉన్న ఖాళీ స్థలాన్ని కూడా ఎంత ఆలోచించి తీర్చవలసి ఉంటుందో పోల్చి చూడవచ్చు.