తోలు మిషను గైడ్: కొన్నది మేలా, చేయించింది మేలా?

ఎద్దుల మెడ పట్టెడలు, నడుము బెల్టులు కుట్టే మా షెడ్డు నెల్లూరు ఆటోనగర్‌కు దగ్గర. కుట్టు మిషను మీద ఇత్తడి గైడ్ (కుట్టు అంచుకు ఒకే దూరంలో పడేలా తోలును ఆనించి నడిపే ముక్క) చూసిన ప్రతివారూ ఎక్కడ కొన్నారని అడుగుతారు. కొనలేదంటే, అయితే కొనడం మేలా చేయించుకోవడం మేలా అన్నది రెండో ప్రశ్న. పోయిన నెలే మూడో గైడ్ బిగించాను కనుక, ఆ గొడవంతా గుర్తుండగానే జవాబు రాసేస్తున్నాను.

ఫుట్‌ల సంగతి, అంటే సూది దగ్గర తోలును అదిమిపట్టే పాదాల సంగతి, ముందు తేల్చేద్దాం. వాటిని కొనండి. పాత సింగర్ 111 మిషను నాటి వాకింగ్ ఫుట్ (తోలుతోపాటు అడుగువేసే ఫుట్) కొలతే జూకీ మిషన్లు ఎల్‌యూ-563కీ, డీఎన్‌యూ-1541కీ వస్తోంది. చెన్నై సెంట్రల్‌లో రైలు దిగి పెరియమేట్ దాకా నడిస్తే చాలు, లోపలి ఫుట్టూ బయటి ఫుట్టూ జతగా దొరుకుతాయి. ఉక్కు దిమ్మ తెచ్చి చెక్కించడం దండగ. కొన్నదాన్ని మన పనికి అరగదీసుకోవడం మాత్రం తప్పదు. అడుగున పళ్ళుంటే తోలు మీద గాట్లు పడతాయి. ఆకురాయితో వాటిని తీసేసి, 400 నంబరు, ఆపైన 1000 నంబరు ఎమెరీ కాగితం పట్టిస్తే అద్దంలా జారుతుంది. జిప్ పక్కన కుట్టడానికి ఫుట్‌కున్న ఒక వేలు కోసేయడం గ్రైండరు దగ్గర ఐదు నిమిషాల పని. కోసేటప్పుడు నీళ్ళలో ముంచుతూ ఉండాలి, నీలం రంగు తిరిగితే ఉక్కు మెత్తబడినట్టే.

అసలు తగవు గైడ్ దగ్గర. కొన్న గైడ్ చూడముచ్చటగా ఉంటుంది. కానీ దాని అంచు పొట్టిది. 4 మి.మీ. తోలు రెండు పొరలు వేసిన పట్టెడ దాని మీదికి ఎక్కి పక్కకు జారిపోతుంది. బెల్టుకు అంచు నుంచి 3 మి.మీ. దూరంలో కుట్టు కావాలి, పట్టెడకు రెండో వరుస 12 మి.మీ. లోపలికి రావాలి. రెండూ సరిపడేది నాకు దుకాణంలో దొరకలేదు. దొరికినా బిగించే దగ్గర మరో మెలిక ఉంది. జూకీ వంటి మిషన్ల స్క్రూలు చాలావరకు మామూలు మిల్లీమీటరు స్క్రూలు కావు. సింగర్ కాలం నాటి అంగుళాల లెక్క, అందులోనూ అంగుళానికి 40 చుట్లు. 11/64 అంగుళాల రంధ్రంలో 4 మి.మీ. బోల్టు వదులుగా ఆడుతుంది, 5 మి.మీ.ది పట్టనే పట్టదు. బలవంతంగా తిప్పితే మిషను బల్ల మర పోతుంది. అందుకే లేత్ షాపుకు వెళ్ళేటప్పుడు పాత స్క్రూ ఒకటి జేబులో వేసుకుని వెళ్తాను.

లేత్ షాపు వైపే నా మొగ్గు, దాచుకోను. కారణం ఒక్కటే. గైడ్ మొదటిసారికే కుదరదు. నాది మొదటి రోజే నాలుగుసార్లు తిరిగింది. ఒకసారి లోపలి ఫుట్ సూదితోపాటు ముందుకు అడుగువేసి గైడ్ ముక్కుకు కొట్టుకుంది. చిన్న కుట్టులో తగలలేదు, కుట్టు పొడవు పెంచగానే టక్కుమంది. (కొత్తది ఏది బిగించినా కుట్టును పూర్తి పొడవుకు పెట్టి, చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి చూడనిదే మోటారు వేయకండి.) ముక్కు తగ్గించాక తోలు వంకర పోయింది, దాన్ని సరిచేస్తే బాబిన్ మూతకు అడ్డొచ్చింది. లారీ బుష్‌లు చేసే మేస్త్రీ నాలుగోసారి నన్ను చూసి, "మిషన్నే ఇక్కడికి తెచ్చేయండి సార్, మీకు తిరుగుడు తప్పుతుంది" అన్నాడు. చెన్నై దుకాణానికి నాలుగుసార్లు వెళ్ళగలనా?

అయితే లోహం మనమే చెప్పాలి. మొదటి గైడ్‌కు డబ్బు మిగిలిందనుకుని మామూలు ఇనుప రేకు చాలన్నాను. కార్తీకం వానల్లో దానికి తుప్పు పట్టింది. మరునాడు కుట్టిన ఆరు బెల్టుల అంచున నల్లటి గీత. నూనె మరక అనుకుని గుడ్డతో తుడిచాను, పోలేదు. తంగేడు చెక్కతో పదును చేసిన తోలుకు ఇనుము తడి తగిలితే నల్లబడుతుందని అప్పుడు గుర్తొచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీ వారు కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరిన నీళ్ళతో నల్లగీత తెప్పించేదీ ఇలాగే. వాళ్ళు కావాలని చేస్తారు, నేను ఉచితంగా చేశాను. నిమ్మరసం రుద్దితే కొంత వెలిసింది గానీ, ఆ బెల్టులకు నల్లరంగు వేసి అమ్మక తప్పలేదు. తోలుకు తగిలే ముఖం ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీలుదో కావాలి, వెనక దన్ను ఏదైనా ఫరవాలేదు.

3డీ ప్రింటు సంగతీ అడుగుతున్నారు. నమూనాకు బాగుంటుంది. మామూలు పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద నేను దాన్ని నమ్మను. కింది చేయి గొట్టంలా ఉండే మిషనుకు పక్కబల్ల కావాలంటే ప్లైవుడ్ ముక్క, వడ్రంగి చాలు.

అంచుకు పట్టీ మడిచే ఫోల్డర్ మాత్రం చేత్తోనే చేసుకోవాలి. కొన్నవి బట్ట పట్టీకో రెక్జిన్ పట్టీకో పుట్టినవి. తోలు పట్టీని 1 మి.మీ.కు చెక్కినా అందులో ఈడుస్తుంది, సాగుతుంది. నేను మందపాటి శుభలేఖ కోసి, మడిచి, పట్టీని అందులోంచి లాగి చూసి, కుదిరాకే ఇత్తడి రేకు కోస్తాను. ఈసారి రెండు శుభలేఖలు అయిపోయాయి, మలుపు దగ్గర పట్టీ ఇంకా ముడత పడుతూనే ఉంది. మూడోది బల్ల మీద ఉంది.