ప్రొటీన్ కోసం కణానికి ఏది ఇవ్వాలి: ప్లాస్మిడ్ డీఎన్‌ఏనా, ఎంఆర్‌ఎన్‌ఏనా?

ట్రాన్స్‌ఫెక్షన్ (బయటి డీఎన్‌ఏను లేదా ఆర్‌ఎన్‌ఏను కణంలోకి పంపడం) కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఇది. మనకు కావలసిన ప్రొటీన్‌ను కణం చేత చేయించాలి. అందుకు జన్యువును ప్లాస్మిడ్‌లో (చిన్న వలయాకారపు డీఎన్‌ఏలో) పెట్టి పంపాలా, ముందే తయారుచేసిన ఎంఆర్‌ఎన్‌ఏను (ప్రొటీన్ తయారీకి కణం చదివే జన్యు నకలును) పంపాలా? చాలామంది ఖర్చు, నిల్వ చూసుకుని ఏదో ఒకటి ఎంచుకుంటారు. అవి తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది మీ కణం విభజన చెందుతోందా లేదా అన్నది.

ప్లాస్మిడ్ కణద్రవ్యం దాకా చేరినంత మాత్రాన పని మొదలవదు. దాన్ని చదివి ఎంఆర్‌ఎన్‌ఏ చేసే ఎంజైమ్, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2, ఉండేది కేంద్రకంలో. కేంద్రకపు పొర రంధ్రాల్లోంచి ఎవరి సాయమూ లేకుండా దూరగలిగేవి సుమారు 40 కిలోడాల్టన్ల లోపు అణువులే. 5,000 బేస్ జతల ప్లాస్మిడ్ బరువు దాదాపు 3,250 కిలోడాల్టన్లు, అంటే ఎనభై రెట్లు ఎక్కువ. కాబట్టి అది బయటే కాచుకుని ఉండాలి. కణం మైటోసిస్‌కి (విభజనకి) వచ్చి కేంద్రకపు పొర విడిపోయినప్పుడు కొన్ని కాపీలు లోపల చిక్కుకుంటాయి. ఆలోగా డీఎన్‌ఏను కోసే ఎంజైములైన న్యూక్లియేజ్‌లు కొన్నిటిని కోసేస్తాయి. రోజుకోసారి విభజన చెందే హెచ్‌ఈకే 293 (ల్యాబ్‌లో పెంచే మనిషి మూత్రపిండ కణాల సెల్ లైన్) లాంటి కణాల్లో ఈ నిరీక్షణ పెద్ద లెక్క కాదు. న్యూరాన్లు, ప్రైమరీ (శరీరం నుంచి నేరుగా తీసిన) కాలేయ కణాలు, ఇంకా ఉత్తేజితం కాని టీ కణాలు అలా కాదు. వాటిలో విభజన దాదాపు ఉండదు కాబట్టి ప్లాస్మిడ్ ఎంత పోసినా ఫలితం అంతంతమాత్రమే.

ఎంఆర్‌ఎన్‌ఏకి ఈ అడ్డంకే లేదు. ప్రొటీన్ చేసే రైబోజోములు ఉండేది కణద్రవ్యంలోనే. ఎండోసోమ్ (బయటి సరుకును లోపలికి తెచ్చే పొర సంచి) నుంచి బయటపడ్డ ఎంఆర్‌ఎన్‌ఏను అవి వెంటనే అందుకుంటాయి, ఒకటి రెండు గంటల్లో ప్రొటీన్ కనిపిస్తుంది. ప్లాస్మిడ్‌తో అయితే కొన్ని గంటలు ఆగాలి, పతాక స్థాయికి 24 నుంచి 48 గంటలు పడుతుంది.

సంఖ్యల్లోనూ తేడా ఉంది. 5,000 బేస్ జతల ప్లాస్మిడ్ 500 నానోగ్రాముల్లో దాదాపు 9,300 కోట్ల అణువులుంటాయి. 1,000 న్యూక్లియోటైడ్ల ఎంఆర్‌ఎన్‌ఏ అదే బరువులో దాదాపు 94,000 కోట్లు. పదింతలు! అయితే కేంద్రకంలోకి చేరిన ఒక్క ప్లాస్మిడ్ నుంచి రోజుల తరబడి ఎంఆర్‌ఎన్‌ఏలు పుడుతూనే ఉంటాయి. బయటినుంచి వచ్చిన ఎంఆర్‌ఎన్‌ఏ మాత్రం తరిగిపోయేదే. రెండు మూడు రోజుల్లో ప్రొటీన్ తయారీ చాలావరకు పడిపోతుంది. వేగం ఎంఆర్‌ఎన్‌ఏది, ఓపిక ప్లాస్మిడ్‌ది.

హెచ్‌ఈకే ఫలితాన్ని కొలబద్దగా తీసుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. హెచ్‌ఈకే 293టీలో కణద్రవ్యంలోని డీఎన్‌ఏను పసిగట్టే సీగ్యాస్-స్టింగ్ వ్యవస్థ దాదాపు లేదు. పైగా దానిలో ఉన్న ఎస్‌వీ40 వైరస్ ప్రొటీన్, లార్జ్ టీ యాంటిజెన్ వల్ల ఎస్‌వీ40 ఆరిజిన్ (కాపీ మొదలయ్యే చోటు) గల ప్లాస్మిడ్లు లోపల కాపీలు కూడా వేసుకుంటాయి. ప్లాస్మిడ్‌కి ఇంతకంటే అనుకూలమైన చోటు దొరకదు. అక్కడ 90 శాతం కణాలు వెలిగే ప్రొటీన్ చేసి వెలిగాయని అదే ప్లాస్మిడ్‌ను రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లకు ఇస్తే, అవి దాన్ని దాడిగా భావించి ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక సంకేతాన్ని విడుదల చేస్తాయి, చాలా కణాలు చనిపోతాయి. బాక్టీరియా నుంచి తీసిన ప్లాస్మిడ్‌లో ఎండోటాక్సిన్ (బాక్టీరియా పొరలోని విషపదార్థం) మిగిలి ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. ఇలాంటి కణాలకు ప్లాస్మిడ్ ఇవ్వక తప్పదనుకుంటే ఎండోటాక్సిన్ తొలగించే కిట్‌తోనే తీయాలి.

ఎంఆర్‌ఎన్‌ఏని కూడా కణం ఊరికే వదలదు. రిగ్-ఐ, ఎండీఏ5, టీఎల్‌ఆర్3, పీకేఆర్ అనే ప్రొటీన్లన్నీ పరాయి ఆర్‌ఎన్‌ఏ కోసం కాపలా కాస్తుంటాయి. పీకేఆర్ మేల్కొంటే కణం ప్రొటీన్ తయారీనే ఆపేస్తుంది, అంటే మనం అడిగిన పనికే గండి పడుతుంది. ఆర్‌ఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన యూరిడిన్‌ను మార్చి సూడోయూరిడిన్ లాంటివి వాడితే ఈ ప్రతిస్పందన బాగా తగ్గుతుందని కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ 2005 నుంచి చూపించారు. 2023లో వారికి నోబెల్ వచ్చింది ఈ పనికే. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఎన్1-మిథైల్ సూడోయూరిడిన్. యూటీపీ (యూరిడిన్ ముడిసరుకు) స్థానంలో పూర్తిగా దాన్నే పెట్టాలి, సగం సగం కలిపితే ప్రయోజనం తగ్గుతుంది.

ఎంఆర్‌ఎన్‌ఏ పని చేయలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం తయారీలోనే ఉంటుంది. అందుకే దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. డీఎన్‌ఏ టెంప్లేట్‌ను చూసి ఆర్‌ఎన్‌ఏ చేసే టీ7 పాలిమరేజ్‌తో 37 డిగ్రీల దగ్గర రెండు నుంచి నాలుగు గంటల చర్య. టెంప్లేట్ ప్లాస్మిడ్‌ను ముందు పూర్తిగా కోసి సరళ రేఖగా చేయాలి. కోయని వలయం మిగిలితే పాలిమరేజ్ ఆగకుండా తిరిగి పొడవాటి చెత్త ఆర్‌ఎన్‌ఏ చేస్తుంది. కోసే ఎంజైమ్ 3' వైపు పోగు పొడుచుకొచ్చేలా కోసేది కాకూడదు, ఎందుకంటే అలాంటి కొసల నుంచి కాపలా ప్రొటీన్లను మేల్కొలిపే ద్విపోగు ఆర్‌ఎన్‌ఏ పుడుతుంది. బీఎస్‌పీక్యూఐ లాంటి ఎంజైమ్ అయితే పాలీ-ఏ తోక (ఎంఆర్‌ఎన్‌ఏ చివరి అడెనిన్ల వరస) చివర అదనపు అక్షరాలు మిగలకుండా శుభ్రంగా కోస్తుంది.

క్యాప్ (ఎంఆర్‌ఎన్‌ఏ 5' కొసన ఉండే రసాయన టోపీ) దగ్గర తప్పితే మిగతాదంతా వృథా. క్యాప్ లేని ఆర్‌ఎన్‌ఏను రైబోజోమ్ దాదాపు పట్టించుకోదు, దాని 5' కొసలోని ట్రైఫాస్ఫేట్‌ను మాత్రం రిగ్-ఐ పట్టుకుంటుంది. పాత ఆర్కా రకం క్యాప్‌ను జీటీపీకి (జీ అక్షరపు ముడిసరుకుకి) నాలుగింతలు వేయాలి, అయినా దాదాపు 80 శాతానికే క్యాప్ పడుతుంది, జీటీపీ తగ్గించినందుకు దిగుబడి కూడా పడిపోతుంది. ట్రైన్యూక్లియోటైడ్ క్యాప్‌తో 90 శాతం దాటుతుంది. కానీ ఇప్పుడు వాడుకలో ఉన్న ఏజీ రకానికి టీ7 ప్రమోటర్ (పాలిమరేజ్ అతుక్కుని మొదలుపెట్టే వరస) తర్వాత మామూలు జీజీ కాకుండా ఏజీ ఉండాలి. ఈ ఒక్క అక్షరం మార్చకుండా పాత ప్లాస్మిడ్‌నే వాడి, క్యాప్ పడలేదని రియేజెంట్‌ను తప్పుపట్టేవాళ్ళు ఎక్కువ.

తోక 100 నుంచి 120 అడెనిన్ల దాకా ఉంటే చాలు. దాన్ని టెంప్లేట్‌లోనే రాసుకోవచ్చు, అయితే బాక్టీరియాలో పెంచేటప్పుడు అది కురచ అవుతూ ఉంటుంది. ప్రతి కొత్త ప్రెప్‌కీ సీక్వెన్సింగ్ చేయించి తోక పొడవు చూసుకోవాలి. చర్య అయ్యాక డీఎన్‌ఏస్-1తో టెంప్లేట్ తీసేసి, లిథియం క్లోరైడ్ చివరి గాఢత 2.5 మోలార్ అయ్యేలా కలిపి ఆర్‌ఎన్‌ఏను అవక్షేపించాలి. ఈ పద్ధతి ద్విపోగు ఆర్‌ఎన్‌ఏను నమ్మకంగా తొలగించదు. ప్రైమరీ కణాలకు వాడేట్టయితే 16 శాతం ఇథనాల్ ఉన్న బఫర్‌లో సెల్యులోజ్ మీదుగా పంపాలి. ద్విపోగుది సెల్యులోజ్‌కి అంటుకుంటుంది, మనకు కావలసింది ద్రవంలో మిగులుతుంది.

నిల్వలో ప్లాస్మిడ్‌దే పైచేయి, అందులో వాదన లేదు. మైనస్ 20లో ఏళ్ళ తరబడి ఉంటుంది, మళ్ళీ కావాలంటే బాక్టీరియాలో పెంచుకోవచ్చు. ఆర్‌ఎన్‌ఏ రైబోజ్‌లో రెండో కార్బన్ మీద ఉన్న హైడ్రాక్సిల్ పక్కనున్న ఫాస్ఫేట్ బంధాన్ని తానే తెంచగలదు. క్షార పీహెచ్, మెగ్నీషియం ఉంటే అది వేగం పుంజుకుంటుంది. కాబట్టి 6.5 పీహెచ్ దగ్గర 1 మిల్లీమోలార్ సోడియం సిట్రేట్‌లో, చిన్న చిన్న భాగాలుగా, మైనస్ 80లో పెట్టాలి. ఆటోక్లేవ్ చేసినంత మాత్రాన ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏస్-ఏ పూర్తిగా చావదు. గ్లవుజులు మార్చడం, విడి పిపెట్ టిప్పులు వాడడం తప్పనిసరి.

ఎక్కువమంది పట్టించుకోని తేడా ఇంకొకటుంది. ప్లాస్మిడ్ నుంచి పుట్టిన ఆర్‌ఎన్‌ఏ కేంద్రకంలో స్ప్లైసింగ్ (కొన్ని ముక్కలు కోసేసి మిగతావాటిని అతికించే ప్రక్రియ) గుండా వెళ్తుంది. మీ జన్యువు మధ్యలో అనుకోకుండా స్ప్లైస్ గుర్తును పోలిన వరస ఉంటే ముక్క ఎగిరిపోయి కురచ ప్రొటీన్ వస్తుంది. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్ల పరిమాణం చూసే పరీక్షలో) అంతుచిక్కని చిన్న బ్యాండ్ కనిపిస్తే ఇదీ ఒక కారణం కావచ్చు. నేరుగా కణద్రవ్యంలోకి వెళ్ళే ఎంఆర్‌ఎన్‌ఏ స్ప్లైసింగ్ యంత్రాంగం కంటపడదు.

మిగతా దారుల్లో ఏఏవీ వైరస్ విభజన లేని కణాలకు మంచిదే గానీ 4.7 కిలోబేస్‌లకు మించి మోయలేదు. లెంటీవైరస్ జన్యువును క్రోమోజోమ్‌లో అతికిస్తుంది. డీఎన్‌ఏను కోసే ఎంజైమ్ క్యాస్9 లాంటి కొన్నిటికి తయారైన ప్రొటీన్‌నే ఇచ్చేయవచ్చు.

శాశ్వత సెల్ లైన్ కావాలన్నా, హెచ్‌ఈకేలో వారం పాటు ప్రొటీన్ స్రవింపజేసి లీటర్ల లెక్కన తీయాలన్నా, టెట్రాసైక్లిన్ మందుతో జన్యువును ఆన్-ఆఫ్ చేయాలన్నా ప్లాస్మిడ్ తీసుకోండి. విభజన లేని కణం, ప్రైమరీ కణం, కొద్ది గంటలే ఉండి పోవాల్సిన ఎంజైమ్ అయితే సందేహం లేకుండా ఎంఆర్‌ఎన్‌ఏ. ముఖ్యంగా జన్యు సవరణలో క్యాస్9 ఎక్కువ రోజులు ఉంటే అక్కర్లేని చోట్ల కోతలు పెరుగుతాయి, కాబట్టి త్వరగా తరిగిపోవడమే అక్కడ మేలు. జీనోమ్‌లో అతుక్కుపోయే భయం కూడా ఎంఆర్‌ఎన్‌ఏతో ఉండదు.

ఎటూ తేలకపోతే 24 గుంతల ప్లేటులో మీ కణాలకే పరీక్ష పెట్టండి. ఒక గుంతలో జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్) ప్లాస్మిడ్ 500 నానోగ్రాములు, ఇంకోదానిలో జీఎఫ్‌పీ ఎంఆర్‌ఎన్‌ఏ 500 నానోగ్రాములు, మూడోదానిలో సరుకును కణంలోకి చేర్చే రియేజెంట్ ఒక్కటే. డీఎన్‌ఏకి బాగా పనిచేసే పీఈఐ అనే పాలిమర్ రియేజెంట్ ఎంఆర్‌ఎన్‌ఏకి చాలాసార్లు అంతగా పనిచేయదు, అందుకని రెండింటికీ సరిపడే లిపిడ్ రియేజెంట్ వాడండి. 6, 24, 48 గంటలకు చూడండి. ఎంఆర్‌ఎన్‌ఏ గుంత వెలిగి ప్లాస్మిడ్ గుంత వెలగకపోతే చాలావరకు చిక్కు కేంద్రకం దగ్గరే. ప్లాస్మిడ్ వెలిగి ఎంఆర్‌ఎన్‌ఏ వెలగకపోతే క్యాప్, ద్విపోగు, ఆర్‌ఎన్‌ఏస్ ఈ మూడింటినీ ఆ వరసలోనే అనుమానించండి. రెండూ చీకటిగానే ఉంటే చాలావరకు సరుకు లోపలికే వెళ్ళడం లేదు, రియేజెంట్ మార్చాలి లేదా ఎలక్ట్రోపొరేషన్‌కి (విద్యుత్ తాకిడితో పొర తెరిచి పంపడానికి) వెళ్ళాలి. మూడో గుంతలో కూడా కణాలు చనిపోతుంటే రియేజెంట్ మోతాదు సగానికి తగ్గించి మళ్ళీ మొదలుపెట్టండి.