కొత్తగా ఉడ్ లేత్ కొన్నారా? "అన్ని మెషీన్లకీ సరిపోతుంది" అనే సెట్ జోలికి పోకండి

ఉడ్ లేత్ (కర్రని తిప్పుతూ ఉలితో చెక్కే మెషీన్) కొత్తగా కొన్నవాళ్లూ, కొనబోతున్నవాళ్లూ ఇది చదివాకే చక్ (దిమ్మని పళ్లతో పట్టుకునే బిగింపు) ఆర్డర్ పెట్టండి. పదకొండు వేల నాలుగొందలు పెట్టి కొన్న సామాన్ల సెట్ వల్ల నాలుగు వారాల కిందట నా ముఖం పగిలిపోవలసింది. జానెడు పక్కనుంచి పోయింది కాబట్టి బతికిపోయాను.

మాది విశాఖ మర్రిపాలెం. వెనక వరండాలో చిన్న లేత్ పెట్టుకున్నాను. మెషీన్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. దాంతోపాటు కర్ర చివర గుచ్చుకుని తిప్పే ముళ్ల సెంటరు, దిమ్మని స్క్రూలతో బిగించే ఫేస్‌ప్లేటు మాత్రమే వచ్చాయి. గిన్నెలు చెయ్యాలంటే చక్ కావాలి, ఉలులు కావాలి. విడివిడిగా వెతికే ఓపిక లేక ఆన్‌లైన్‌లో "బిగినర్ కాంబో" అని కనపడిన సెట్ కొనేశాను. నాలుగంగుళాల చక్, ఎనిమిది ఉలులు, కర్ర రెండో చివరని ఆనించి దాంతోపాటే తిరిగే లైవ్ సెంటర్, కళ్లద్దాలు. కింద పెద్దక్షరాల్లో "అన్ని ఉడ్ లేత్‌లకీ సరిపోతుంది" అని ఉంది. ఆ మాట నమ్మాను.

నా మెషీన్ స్పిండిల్ (చక్ ఎక్కే, తిరిగే ఇరుసు) ఒక అంగుళం లావు, అంగుళానికి 8 థ్రెడ్లు (మరలు). వచ్చిన చక్‌దేమో ఎం33 బై 3.5, అంటే 33 మిల్లీమీటర్ల లావు, థ్రెడ్‌కీ థ్రెడ్‌కీ మధ్య 3.5. రెండూ కలవడానికి పెట్టెలో ఒక ఎడాప్టర్ వేశారు. లోపలి వైపు నా స్పిండిల్ కొలత, బయటి వైపు చక్ కొలత. చేత్తో తిప్పితే ఎక్కింది, బిగిసింది. సరిపోయిందనే అనుకున్నాను.

మొదటి ఆదివారం ఏడంగుళాల మామిడి దిమ్మ బిగించాను. పక్కింటివాళ్లు కొట్టించిన కొమ్మ అది, ఏడాదిగా ఆరబెట్టి దాచుకున్నాను. 500 ఆర్‌పీఎం దగ్గరే ఉలి ఆనించే టూల్‌రెస్ట్ చేతికింద సన్నగా వణికింది. దిమ్మ ఇంకా గుండ్రంగా లేదు కదా, చెక్కితే సర్దుకుంటుందనుకున్నాను. బయటంతా గుండ్రం చేశాక కూడా వణుకు పోలేదు. స్పీడు 900కి పెంచి లోపల తవ్వడం మొదలుపెట్టాను. టక్కుమని ఒక్కటే చప్పుడు. చక్ పట్టుకున్న బుడిపె తెగి, గిన్నె నా ఎడమ భుజం పక్కనుంచి దూసుకెళ్లి హాలు కిటికీకి తగిలి రెండు ముక్కలైంది. గ్రిల్ ఊచ లోపలికి వంగింది. ఆ కిటికీ అవతలే మా పాప రోజూ కూర్చుని హోంవర్క్ చేసుకుంటుంది. ఆ రోజు అమ్మమ్మ గారింట్లో ఉంది.

మర్నాడు స్పిండిల్ ఉండే హెడ్‌స్టాక్ ఊడదీసి, చక్‌తో సహా గాజువాక ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక లేత్ వర్క్స్‌కి తీసుకెళ్లాను. అక్కడి మేస్త్రి ఇనుము పని తప్ప కర్ర పని చెయ్యరు, కానీ తిరిగేది ఏదైనా ఆయనకి ఒకటే. వంకర కొలిచే డయల్ గేజ్ పెట్టి ముందు ఖాళీ స్పిండిల్ తిప్పారు. ముల్లు 0.02 మిల్లీమీటర్లు కదిలింది. ఎడాప్టర్‌తో చక్ ఎక్కించి తిప్పారు. 0.7. అంటే సన్నటి అట్టముక్క మందమంత అవుట్. తర్వాత జేబులోంచి సిటీ బస్ టికెట్టు తీసి, ఎడాప్టర్‌కీ స్పిండిల్ మొదట్లోని అంచు, కాలర్‌కీ మధ్య పెట్టారు. సులువుగా దూరిపోయింది, చుట్టూ తిరిగొచ్చింది కూడా.

"ఇదేటి బాబూ ఇది. థ్రెడ్ పట్టుకోడానికే, తిన్నగా నిలబెట్టేది ఈ కాలరు. నీ ఎడాప్టరు కాలర్ని తాకడమే నేదు" అన్నారు.

లోపలి థ్రెడ్‌ని చివరిదాకా కొయ్యకుండా వదిలేశారు. అందుకని కాలర్ దాకా వెళ్లకముందే ఎడాప్టర్ బిగుసుకుపోతోంది. చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, కానీ చక్ మొత్తం థ్రెడ్ మీదే వేలాడుతుంది. మీ దగ్గర ఎడాప్టర్ ఉంటే ఇప్పుడే లేచి ఒక కాయితం ముక్క దూర్చి చూడండి. ఎక్కడైనా దూరితే దాన్ని వాడకండి. నా మాట వినండి.

ఉలుల సంగతి ఇంకో మోసం. పిడి మీద "హెచ్ఎస్ఎస్" (హైస్పీడ్ స్టీల్) అని ముద్ర. గ్రైండర్ మీద పదును పెట్టబోతే తెల్లటి నిప్పురవ్వలు కాకరపువ్వొత్తుల్లా చిట్లుతూ చిమ్మాయి. అసలైన హైస్పీడ్ స్టీల్ అలా చిమ్మదు, పొట్టిగా, ఎర్రగా, తక్కువ రవ్వలొస్తాయి. చిట్లే తెల్లటి రవ్వ మామూలు కార్బన్ స్టీల్‌ది. కార్బన్ స్టీల్‌తో పని చెయ్యకూడదని కాదు, పాతకాలం ఉలులన్నీ అవే. కానీ గ్రైండర్ మీద కాస్త వేడెక్కి నీలంగా మారితే ఆ మేరకి దాని గట్టిదనం పోయినట్టే. పదే పదే నీళ్లలో ముంచాలి. హెచ్ఎస్ఎస్ అనుకుని నేను ముంచలేదు. మొదటి రోజే రెండు ఉలుల మొనలు నీలమైపోయి, మామిడి కర్ర మీద కూడా పదును నిలవలేదు.

లైవ్ సెంటర్ ఎంటీ1 టేపర్‌ది (మోర్స్ టేపర్, అంటే కొనకి సన్నబడే కాడ కొలత) పంపారు. దాన్ని దూర్చే నా టెయిల్‌స్టాక్‌ది ఎంటీ2. లావు వైపు ఎంటీ1 సుమారు 12 మిల్లీమీటర్లు, ఎంటీ2 సుమారు 17.8. గొట్టంలో పుల్ల వేసినట్టే. మధ్యలో వేసే స్లీవ్‌లు దొరుకుతాయి కానీ అది మళ్లీ ఖర్చు.

కళ్లద్దాల మీద ఏ ముద్రా లేదు. గిన్నె చేసేటప్పుడు కళ్లద్దాలు చాలవు, ముఖమంతా కప్పే ఫేస్ షీల్డ్ కావాలి. దాని మీద ఈఎన్ 166 (కంటి రక్షణకి యూరప్ ప్రమాణం) అని, దెబ్బ తట్టుకునే గుర్తుగా బి అనే అక్షరం ఉందో లేదో చూసి కొనండి. నేను ఇప్పుడు అదే వాడుతున్నాను.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఆ సెట్‌తో వచ్చిన కాయితంలో పెద్ద రఫింగ్ గౌజ్ (గాడి ఉన్న ఉలి) బొమ్మ గిన్నె పక్కన వేసి ఉంది. ఆ ఉలి పొడుగాటి కర్రల్ని గుండ్రం చెయ్యడానికే. పిడిలోకి వెళ్లే దాని తోక సన్నం. గిన్నెకి పెడితే తోక దగ్గర విరిగి మీదికి వస్తుంది. గిన్నెలకి బౌల్ గౌజ్ వేరే ఉంటుంది. కొత్తవాళ్లకి అమ్మే సెట్‌లో ఇలాంటి బొమ్మ వెయ్యడం నాకు చాలా కోపం తెప్పించింది.

కొనేముందు మీ మెషీన్ దగ్గర మూడు కొలతలు తీసుకోండి. స్పిండిల్ థ్రెడ్, టెయిల్‌స్టాక్ టేపర్, టూల్‌రెస్ట్ కాడ లావు. కాడ విషయంలో 25 మిల్లీమీటర్లకీ అంగుళానికీ తేడా అర మిల్లీమీటరు కూడా ఉండదు, అయినా అంగుళం కాడ 25 రంధ్రంలో దిగదు. చక్ నేరుగా మీ థ్రెడ్‌కే కోసినది అడగండి, ఎడాప్టర్ అసలొద్దు. ముందు చక్కే అక్కర్లేదు కూడా. ముళ్ల సెంటర్‌కీ లైవ్ సెంటర్‌కీ మధ్య కర్ర బిగించి పీట కోళ్లు, బొంగరాలు, చపాతీ కర్రలు చెయ్యొచ్చు. రఫింగ్ గౌజ్, స్పిండిల్ గౌజ్, స్క్యూ (ఏటవాలు అంచు ఉలి), పార్టింగ్ టూల్ (కోసి విడదీసే ఉలి), ఈ నాలుగు మంచివి చాలు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకకి వెళ్లి చూడండి. 2017లో జీఐ గుర్తింపు పొందిన ఆ లక్క బొమ్మలు మెత్తటి అంకుడు కర్రతో చేస్తారు. నేను చూసిన చోట కళాకారుడి పక్కన ఎనిమిది ఉలుల సెట్ లేదు. ఉన్న నాలుగైదూ అరిగి పొట్టివైపోయి ఉన్నాయి, అంచు మాత్రం తళతళలాడుతోంది.

స్పీడుకి ఒక లెక్క ఉంది. అంగుళాల్లో వ్యాసాన్ని ఆర్‌పీఎంతో గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య ఉండాలి. దిమ్మ వంకరగా ఉంటే ఇంకా తక్కువతో మొదలుపెట్టాలి. నా ఏడంగుళాల గిన్నెకి 900 అంటే 6300, లెక్కలోనే ఉంది. తప్పు స్పీడుది కాదు. మెషీన్ వణికితే వెంటనే ఆపేయండి, నేను ఆపలేదు. మన ఊరి ఉప్పుగాలికి చక్ పళ్లు వారంలో తుప్పు పడతాయి, పని అయ్యాక నూనె గుడ్డతో తుడవడం మర్చిపోకండి.

అమ్మినవాళ్లకి ఫొటోలు, డయల్ గేజ్ వీడియో పంపాను. "వాడేశారు కాబట్టి రిటర్న్ కుదరదు, మీ మెషీన్‌లోనే లోపం" అన్నారు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ తర్వాత రాసిన ఫిర్యాదుకి వారమైనా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. అమ్మకందారు ఏ ఊళ్లో ఉన్నా మనం ఉన్న జిల్లాలోనే వెయ్యొచ్చు, 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంది. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, "అన్నిటికీ సరిపోతుంది" అన్న పేజీని ఆర్డర్ పెట్టిన రోజే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. నేను తియ్యలేదు. అదృష్టం కొద్దీ వాళ్లు ఆ మాట ఇంకా తీసెయ్యలేదు. నిన్న రాత్రి చూశాను, ఆ సెట్ అమ్ముతూనే ఉన్నారు.