చలి రాత్రి కారవాన్‌లో ఏ హీటరు మేలు?

చలికాలం మొదలవుతోందంటే చాలు, కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లైన కారవాన్‌లో రాత్రంతా వెచ్చగా పడుకోవడానికి గ్యాస్ హీటరు మేలా, డీజిల్ హీటరు మేలా, కరెంటు హీటరు మేలా అని నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అడిగేవారిలో ఎక్కువమంది ధర ఎంత, ఎంతసేపట్లో వేడెక్కుతుంది అన్న దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం వేరే ఉంది. ఆ హీటరులోని మంట ఎక్కడి గాలిని పీల్చుకుంటోంది, పొగను ఎక్కడ వదులుతోంది? మెలకువగా ఉన్న మనిషి తల బరువెక్కగానే లేచి తలుపు తీస్తాడు. నిద్రలో ఉన్నవారికి ఆ అవకాశం ఉండదు కాబట్టి, పగలు గంటసేపు చలి కాచుకోవడానికి సరిపోయే హీటరు రాత్రికి కూడా సరిపోతుందని అనుకోకూడదు.

సిలిండరులో వచ్చే ప్రొపేన్ గ్యాస్ ఒక కిలో పూర్తిగా మండాలంటే మూడున్నర కిలోలకు పైగా ఆక్సిజన్ కావాలి. ఆ మంట నుంచి సుమారు 1.6 కిలోల నీరు ఆవిరిగా వెలువడుతుంది. కారవాన్ వంటి చిన్న గదిలో ఆక్సిజన్ తగ్గినకొద్దీ మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, గొంతులో మంట కూడా పుట్టించదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే పొగగొట్టం లేని గ్యాస్ హీటర్లను, అంటే ఎక్కడికి కావాలంటే అక్కడికి మోసుకెళ్లగలిగే రకాలను, రాత్రి నిద్రకు నేను అసలు ఒప్పుకోను. ఆక్సిజన్ తగ్గితే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉందని అమ్మేవారు చెబుతారు. ఆ ఏర్పాటు మంచిదే, కానీ అది ఆఖరి రక్షణగా పెట్టినది. దాని మీద భారం వేసి నిద్రపోవడం నాకు సమ్మతం కాదు. పైగా ఆ నీటి ఆవిరంతా లోపలే ఉండిపోయి, తెల్లవారేసరికి కిటికీ అద్దాల మీద నుంచి ధారలుగా కారి పరుపు అంచును తడిపేస్తుంది. వంట స్టవ్ వెలిగించి గది వేడి చేసుకోవడమూ ఇటువంటిదే. బొగ్గుల కుంపటి సంగతి వేరే చెప్పనక్కరలేదు: ఆరినట్టే కనిపించి బూడిద కింద కణకణలాడుతున్న నిప్పులు కూడా ప్రాణాలు తీయగలవు.

విద్యుత్ కనెక్షన్ దొరికే చోట బస చేస్తే రాత్రికి కరెంటు హీటరే మేలు. లోపల మంటే ఉండదు కాబట్టి పొగ ప్రశ్నే రాదు. అయితే అక్కడ ఎన్ని ఆంపియర్లు ఇస్తున్నారో ముందే కనుక్కోవాలి. 230 వోల్టుల మీద 6 ఆంపియర్లంటే 1,380 వాట్లు మాత్రమే; 1,000 వాట్ల హీటరు నడుస్తుండగా నీళ్లు కాచుకునే కెటిల్ పెడితే స్విచ్ పడిపోతుంది. పడుకునేటప్పుడు ఫ్యాన్ హీటరు కంటే నూనె నింపిన రేడియేటర్ రకం నయం, ఎందుకంటే ఎర్రగా కాలే తీగ అందులో బయటికి ఉండదు, చప్పుడూ ఉండదు. దుప్పటి జారి దాని మీద పడని చోట దానిని పెట్టాలి. బయటి కేబుల్‌ను చుట్ట మీదే వదిలేసి వాడేవారు చాలామంది ఉన్నారు. గంటల తరబడి కరెంటు లాగితే ఆ చుట్ట లోలోపల వేడెక్కి కరిగిపోతుంది కనుక, ఎంత పొడవున్నా పూర్తిగా విప్పి పరచాలి. బ్యాటరీతో ఈ హీటరు నడపవచ్చా అని అడిగేవారికి ఒక్క లెక్క చాలు: 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 1,200 వాట్ అవర్లు, అంటే 1,000 వాట్ల హీటరుకు గంట పైచిలుకు.

కనెక్షన్ లేని చోట అసలు పోటీ గ్యాస్, డీజిల్ హీటర్ల మధ్యనే. ఇక్కడ నేను చెప్పేది కారవాన్‌కు స్థిరంగా బిగించిన రకాల గురించి. వీటిలో మంట ఒక మూసిన పెట్టెలో ఉంటుంది. దానికి కావలసిన గాలి బయటి నుంచే వస్తుంది, పొగ బయటికే పోతుంది, గది గాలి ఆ పెట్టె పైనుంచి వేడెక్కి వెళుతుంది తప్ప మంటతో కలవదు. ఈ ఒక్క లక్షణం ఉన్నందువల్లనే రెండింటినీ నిద్రవేళ వాడదగినవిగా లెక్కిస్తాను.

డీజిల్ హీటరు పొదుపైనది. రెండు కిలోవాట్ల రకం, హీటరును ఎంత వేగంలో నడుపుతున్నామన్న దాన్ని బట్టి, గంటకు 0.1 నుంచి 0.25 లీటరు దాకా తాగుతుంది. గడ్డకట్టే చలిలో రోజుల తరబడి దూర ప్రాంతాల్లో గడిపేవారికి, సొంత ఇంజనుతో నడిచే ఇల్లులాంటి, డీజిల్ ట్యాంకు ఉన్న మోటర్‌హోమ్ వారికి అదే తగినది. కానీ అది బ్యాటరీ లేనిదే నడవదు. వెలిగేటప్పుడు 8 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది, తర్వాత కూడా ఫ్యాన్ ఆగకుండా తిరగాలి. ఇంధన పంపు టిక్కుటిక్కుమనే చప్పుడు రాత్రి నిశ్శబ్దంలో నేల గుండా తలగడ దాకా వినిపిస్తుంది. ఎప్పుడూ తక్కువ వేగంలోనే నడిపితే లోపల మసి పేరుకుంటుంది. వేసవి వాడకానికి తయారుచేసిన డీజిల్ అయితే తీవ్రమైన చలిలో మైనం కట్టి గొట్టాన్ని మూసేస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, దాని పొగగొట్టం సాధారణంగా కారవాన్ నేల కింద ఉంటుంది. చుట్టూ మంచు పేరుకున్నా, కింది భాగానికి గుడ్డ కట్టినా ఆ పొగ నేలలోని సందుల్లోంచి లోపలికి ఎక్కుతుంది.

నేను ఎంచుకున్నది గ్యాస్ హీటరు. కారవాన్‌లో సిలిండరు పెట్టె ఎలాగూ ఉంటుంది. ఫ్యాన్ లేకుండా, సహజంగా పైకి లేచే వేడితోనే పనిచేసే రకాలు బ్యాటరీ చచ్చినా ఆగవు, చప్పుడు చేయవు. గాజు కంతలోంచి చూస్తే మంట నీలంగా నిలకడగా ఉందో, పసుపు పచ్చగా ఊగుతోందో కంటికే తెలుస్తుంది. పసుపు రంగు కనిపిస్తే ఆ రాత్రి దానిని వాడకూడదు. సగటున గంటకు 100 గ్రాములు ఖర్చవుతుందనుకుంటే 8 గంటల రాత్రికి 800 గ్రాములు, అంటే 11 కిలోల సిలిండరు రెండు వారాలకు కాస్త తక్కువగా వస్తుంది. చలిలో ప్రొపేనే వాడాలి. సిలిండర్లలో వచ్చే ఇంకో రకం గ్యాస్ అయిన బ్యూటేన్ సుమారు సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా అవుతుంది. పొగగొట్టం పైకప్పు మీద ఉంటే పడుకోబోయే ముందు దాని మూత మీది మంచును దులపాలి. పక్క గోడలోంచి గుడారపు వరండాలోకి వచ్చేట్టుంటే ఆ గుడారంలో ఎవరూ పడుకోకూడదు. గ్యాస్ గాలి కంటే బరువైనది, లీకైతే నేల మీదే పేరుకుంటుంది కనుక, చల్లగాలి వస్తోందని, ఆ గ్యాస్ బయటికి పోయేందుకు కారవాన్ నేలలో ఉంచిన రంధ్రాలను గుడ్డలతో కుక్కడం ఎంతమాత్రం తగదు.

కట్టెల పొయ్యి రాత్రంతా నిలకడగా మండదు, అందువల్ల నిద్రవేళకు పనికిరాదు. 12 వోల్టుల విద్యుత్ దుప్పటి, వేడినీళ్ల సంచీ మాత్రం ఏ హీటరు ఉన్నా పక్కన ఉంచుకోదగినవే. గదిని కాక మనిషినే వేడి చేస్తే హీటరును బాగా తగ్గించి పెట్టుకోవచ్చు.

ఏ మంట వాడినా కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. కారవాన్ల కోసం ఉద్దేశించిన ఈఎన్ 50291-2 అనే యూరోపియన్ ప్రమాణం గుర్తు ఉన్నదే కొనాలి. అది గాలిలో పది లక్షల భాగాలకు 300 భాగాలు చేరితే 3 నిమిషాల లోపలే మోగుతుంది, 50 భాగాల దగ్గర మాత్రం 60 నుంచి 90 నిమిషాలు తీసుకుంటుంది. దానిని తలగడల ఎత్తుకు దగ్గరగా బిగించి, ప్రతి రాత్రి పరీక్ష బటన్ నొక్కి చూసుకోవాలి. అది మోగినా, లోపల ఉన్న అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చినా ముందు తలుపు తెరిచి అందరూ బయటికి రావాలి, వెంటనే వైద్య సాయం కోరాలి. మెకానిక్ పరీక్షించే దాకా ఆ హీటరును మళ్లీ వెలిగించకూడదు.